శిబిరం ముగిసిన మర్నాడు: భిలాయిలో సేవా క్లబ్బులకు అసలు పరీక్ష

అక్టోబర్ 2 వచ్చిందంటే దేశంలోని ఏ పట్టణంలోనైనా కనిపించే దృశ్యమే భిలాయిలోనూ కనిపిస్తుంది. ఒక షామియానా, దాని వెనక క్లబ్బు పేరున్న బ్యానర్, నాలుగైదు మంచాలు, రక్తదాతలకు పండ్లరసం, బిస్కెట్లు, చివర్లో సర్టిఫికెట్, అందరూ కలిసి ఒక ఫొటో. జనవరి 26నా ఇదే, ఆగస్టు 15నా ఇదే. ఎండాకాలం వస్తే చలివేంద్రం, జూన్‌లో స్కూలు బ్యాగులు, వానలు పడగానే మొక్కలు, చలికాలంలో దుప్పట్లు. సేవకు కూడా ఒక పంచాంగం ఉంది.

దీన్ని వెక్కిరించడం తేలిక. ఫొటోల కోసం చేసే సేవ అని ఒక్క మాటతో కొట్టిపారేయవచ్చు. అయితే ఆ రోజు ఎక్కించిన సీసా రక్తంతో ప్రాణం నిలిచిన మనిషికి ఫొటోతో పనిలేదు. కాబట్టి అడగవలసిన ప్రశ్న వేరు. శిబిరం ముగిసి, షామియానా విప్పేశాక, మర్నాడు ఏం మిగులుతోంది? ఎవరికి మిగులుతోంది? ఈ ప్రశ్న ఏ ఊరికైనా వర్తిస్తుంది. కానీ భిలాయి లాంటి ఉక్కు పట్టణంలో దానికి ప్రత్యేకమైన బరువు ఉంది. ఎందుకంటే సేవ అనే పనిని దశాబ్దాల పాటు అక్కడ కంపెనీయే నెత్తిన వేసుకుంది. ఇప్పుడు ఆ చేయి మెల్లగా వెనక్కి పోతోంది.

కంపెనీయే అమ్మానాన్న అయిన ఊరు

రాయ్‌పూర్‌కు పడమర ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న భిలాయి 1950ల మొదట్లో ఒక పల్లె. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు ఒప్పందంపై సంతకాలు చేశాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం 1960లలో 25 లక్షల టన్నులకు, 1980ల చివరికి 40 లక్షల టన్నులకు పెరిగింది. మన రైళ్లు నడిచే పట్టాల్లో అత్యధిక భాగం ఇక్కడ తయారైనవే.

కర్మాగారంతో పాటు ఒక ఊరూ తయారైంది. వరుస సంఖ్యలతో సెక్టార్లు, ప్రతి సెక్టార్‌కు బడి, బజారు, ఆటస్థలం. సెక్టార్ 9లో జవహర్‌లాల్ నెహ్రూ ఆస్పత్రి. భారత్–సోవియట్ స్నేహానికి గుర్తుగా మైత్రీబాగ్ జంతు ప్రదర్శనశాల. నీళ్లు, కరెంటు, రోడ్డు, వైద్యం, చదువు అన్నీ కంపెనీవే. కొళాయి పాడైతే మున్సిపాలిటీకి కాదు, టౌన్‌షిప్ విభాగానికి చెప్పుకోవాలి. ఇలాంటి ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు ప్రభుత్వం అన్నా కంపెనీయే, ధర్మకర్త అన్నా కంపెనీయే.

దేశం నలుమూలల నుంచి జనం వచ్చి చేరడంతో భిలాయికి ‘మినీ ఇండియా’ అనే పేరు స్థిరపడింది. వారిలో తెలుగువాళ్లు గణనీయంగా ఉన్నారు. 1931 నాటికే రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయింది కాబట్టి ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లకు భిలాయి ఒక రాత్రి ప్రయాణం. మట్టి పనికి, తాపీ పనికి వెళ్లినవాళ్లు, తర్వాత ఉద్యోగాల్లో కుదిరినవాళ్లు, వాళ్ల వెనక వచ్చిన బంధువులు... ఇలా మూడు తరాలు గడిచాయి. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ రైలు మొదలైనప్పుడు అది చాలా కుటుంబాలకు అమ్మమ్మగారి ఊరికి వెళ్లే బండి అయింది.

ఊరు కాని ఊళ్లో తెలుగువాళ్లు మొదట చేసిన పని తమకో చోటు ఏర్పరచుకోవడం. సెక్టార్ 5లోని బాలాజీ ఆలయాన్ని నడిపే సంస్థ పేరు ఆంధ్ర సాహిత్య సమితి. గుడిని నడిపే సంస్థ పేరులో సాహిత్యం ఉండటం చూసి కొత్తవాళ్లకు ఆశ్చర్యం కలగవచ్చు. ప్రవాసాంధ్రులకు ఇందులో వింత ఏమీ లేదు. భాష, భక్తి, పెళ్లి సంబంధాలు, కష్టం వస్తే పలకరింపు, అన్నీ ఒకే కప్పు కింద జరిగేవి. బెంగాలీల కాళీబారీకైనా, మలయాళీల సమాజానికైనా ఇదే లెక్క. సేవా క్లబ్బు అనే మాట వినకముందే ఇవి సేవా సంఘాలు. అయితే వాటి సేవ ప్రధానంగా తమవాళ్లకు.

క్లబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

తమవాళ్లు కానివాళ్లకు సేవ చేయడమే పనిగా పెట్టుకున్న సంఘం అనే ఆలోచన మనకు షికాగో మీదుగా వచ్చింది. 1905 ఫిబ్రవరి 23న పాల్ హ్యారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి మొదలుపెట్టిన రోటరీ మొదట్లో వ్యాపార పరిచయాల కోసం పుట్టిన బృందమే. ఒక్కో వృత్తి నుంచి ఒక్కొక్కరే సభ్యులు. ఒకరికొకరు పని ఇచ్చుకోవడం, వారానికోసారి కలిసి భోజనం చేయడం. సేవ తర్వాత వచ్చి చేరింది. 1917లో అదే నగరంలో మెల్విన్ జోన్స్ చొరవతో లయన్స్ పుట్టింది. 1925లో హెలెన్ కెల్లర్ వాళ్ల సమావేశానికి వచ్చి అంధుల పక్షాన నిలబడమని కోరడంతో కంటి వైద్యం లయన్స్‌కు ఇంటిపేరు అయింది. మన దేశంలో తొలి రోటరీ క్లబ్బు 1919లో కలకత్తాలో, తొలి లయన్స్ క్లబ్బు 1956లో బొంబాయిలో ఏర్పడ్డాయి.

అంటే భిలాయి కర్మాగారం, మన దేశంలో లయన్స్ ఉద్యమం దాదాపు ఒకే ఈడువి. కొత్త పారిశ్రామిక పట్టణాల్లో ఈ క్లబ్బులు వేళ్లూనుకోవడానికి కారణం ఉంది. సొంత ఊరు వదిలి వచ్చిన ఇంజనీరు, డాక్టరు, బ్యాంకు మేనేజరు, పవర్‌హౌస్ బజారులో దుకాణం పెట్టుకున్న వ్యాపారి, వీళ్లందరికీ కులం, భాషలతో నిమిత్తం లేకుండా కలిసే చోటు ఒకటి కావాలి. క్లబ్బు ఆ చోటు. మరోపక్క ఉద్యోగుల కుటుంబాల్లోని స్త్రీలు భిలాయి మహిళా సమాజ్ ద్వారా కుట్టుపని, మసాలా పొడుల వంటి యూనిట్లు నడిపి పేద స్త్రీలకు ఉపాధి చూపించారు. రోటరీ, లయన్స్ సంస్థలు మహిళలను సభ్యులుగా చేర్చుకున్నది 1980ల చివర్లో మాత్రమే అని గుర్తుచేసుకుంటే, ఉక్కు పట్టణాల మహిళా సమాజాలను భర్తల హోదా చాటున సాగిన కాలక్షేపంగా చూసే చిన్నచూపు ఎంత తప్పో తెలుస్తుంది.

అయితే ఒక పరిమితి మొదటినుంచీ ఉంది. క్లబ్బు సభ్యుడు ఇచ్చేవాడు, బస్తీవాసి పుచ్చుకునేవాడు. వీళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఏం కావాలో మాట్లాడుకున్నది తక్కువ. కంపెనీ కొండంత అండగా ఉన్నన్నాళ్లూ ఈ లోపం పెద్దగా బయటపడలేదు. క్లబ్బు చేసేది కొసరు, అసలు కంపెనీది.

నౌకరీ ఉన్నవాళ్లు, పని ఉన్నవాళ్లు

ఆ అసలు ఇప్పుడు తరిగిపోతోంది. 1980లలో గనులతో కలిపి అరవై వేలు దాటిన భిలాయి శాశ్వత ఉద్యోగుల సంఖ్య ఇవాళ అందులో చిన్న భాగం. ఉత్పత్తి తగ్గలేదు. 2018 జూన్‌లో ప్రధాని ఆధునికీకరించిన ప్లాంటును జాతికి అంకితం చేశారు. ఉక్కు పెరిగింది, కంపెనీ జీతపు పుస్తకంలో పేర్లు తగ్గాయి. మిగిలిన పనిని కాంట్రాక్టు కార్మికులు చేస్తున్నారు.

భిలాయిని ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ 2020లో వచ్చిన తన పుస్తకంలో ఈ గీతను స్పష్టంగా గీశారు. అక్కడి జనం ‘నౌకరీ’ వేరు, ‘కామ్’ వేరు అంటారు. నౌకరీ అంటే భద్రత, క్వార్టరు, ఆస్పత్రి, పిల్లలకు మంచి బడి. కామ్ అంటే రోజు గడవడానికి చేసే పని. ఒకే కర్మాగారంలో, ఒకే వేడి ముందు నిలబడేవాళ్లు రెండు వర్గాలుగా విడిపోయారు. మనవాళ్లలోనూ ఈ గీత ఉంది. సెక్టార్‌లో రిటైరైన తెలుగు ఇంజనీరు మనవరాలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటుంది. శ్రీకాకుళం నుంచి కాంట్రాక్టరు వెంట వచ్చిన కూలీ కొడుకు ఖుర్సీపార్ బస్తీలో ఉంటాడు. బాలాజీ బ్రహ్మోత్సవాల్లో ఇద్దరూ ఒకే రథానికి దణ్ణం పెడతారు. జబ్బు చేస్తే మాత్రం ఇద్దరి దారులూ వేరు.

ఈ చీలికను అందరికంటే ముందు గుర్తించి జవాబు చెప్పింది క్లబ్బులు కాదు, కార్మికులే. భిలాయికి ఇనుప ఖనిజం అందించే దల్లీ–రాజ్‌హరా గనుల్లో కాంట్రాక్టు కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌ను కట్టుకున్నారు. 1977 జూన్ మొదటి వారంలో పోలీసు కాల్పుల్లో తమవాళ్లను కోల్పోయారు. వారి జ్ఞాపకంగా 1983 జూన్ 3న షహీద్ ఆస్పత్రి తెరిచారు. డబ్బు కార్మికుల చందాలు, గోడలు కార్మికుల శ్రమ. వినాయక్ సేన్, శైబల్ జానా వంటి డాక్టర్లు అక్కడ పనిచేశారు. పదిహేను పడకలతో మొదలైన ఆ ఆస్పత్రి నియోగి హత్య (1991 సెప్టెంబర్ 28, భిలాయిలోనే) తర్వాత కూడా మూతపడలేదు.

ఇక్కడ గమనించవలసింది రాజకీయం ఒక్కటే కాదు. సేవ పొందేవాళ్లే దాని యజమానులు అయినప్పుడు ఏమవుతుందో షహీద్ ఆస్పత్రి చూపించింది. ఏ జబ్బులు ఎక్కువో, ఏ వేళకు డాక్టరు ఉండాలో, మందుకు ఎంత వసూలు చేయవచ్చో వాళ్లకు తెలుసు. ఎందుకంటే రోగులు వాళ్లే. క్లబ్బులకు డబ్బు, పరిచయాలు, వృత్తి నైపుణ్యం ఉన్నాయి. లేనిది ఈ లోపలి చూపు.

రక్తం లెక్క

శిబిరాల సంగతికి వద్దాం. రక్తదానాన్నే ఉదాహరణగా తీసుకుంటే మంచి ఉద్దేశానికి, మంచి ఏర్పాటుకు ఉన్న తేడా లెక్కల్లోనే కనబడుతుంది.

డబ్బుకు రక్తం అమ్మే పద్ధతిని ఆపాలని సుప్రీంకోర్టు 1996 జనవరిలో తీర్పు ఇచ్చింది. 1998 నుంచి అది అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి స్వచ్ఛంద దాతలే ఆధారం. సేకరించిన రక్తంలోని ఎర్రకణాలు వాడే ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు నిలవ ఉంటాయి. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. ఒకసారి ఇచ్చిన పురుషుడు మళ్లీ ఇవ్వడానికి 90 రోజులు, స్త్రీ అయితే 120 రోజులు ఆగాలి.

ఒక ఊళ్లోని క్లబ్బులన్నీ అక్టోబర్ 2న పోటీపడి శిబిరాలు పెట్టాయనుకుందాం. ఆ రోజు బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ నిండిపోతుంది. నవంబర్ మధ్యకల్లా ఆ ఎర్రకణాల గడువు తీరిపోతుంది. వాడగా మిగిలింది పారబోయాలి. దాతలు మాత్రం కొత్త సంవత్సరం వచ్చేదాకా ఇవ్వడానికి వీల్లేదు. డిసెంబర్‌లో ప్రమాదం జరిగినా, ప్రసవంలో రక్తస్రావమైనా అదే ఊళ్లో రక్తం కోసం వాట్సాప్ గ్రూపుల్లో వేడుకోళ్లు మొదలవుతాయి. ఎవరూ తప్పు చేయలేదు. అందరూ ఒకే రోజు మంచి చేశారు, అంతే.

ఇప్పుడు ఇంకో లెక్క చూద్దాం. ఒక క్లబ్బు 260 మంది దాతల జాబితా తయారు చేసుకుని, వారానికి పదిమందిని మాత్రమే బ్లడ్ బ్యాంకుకు పంపిందనుకోండి. ఒక్కొక్కరి వంతు ఏడాదికి రెండుసార్లే వస్తుంది. 52 వారాల్లో 520 యూనిట్లు, ఏ వారమూ ఖాళీ లేకుండా. దీనికి షామియానా అక్కర్లేదు, ముఖ్య అతిథి అక్కర్లేదు. కావలసింది ఒక రిజిస్టరు, వారం వారం ఫోన్ చేసే ఒక మనిషి. వారానికోసారి కలుసుకునే అలవాటు పుట్టుకతోనే ఉన్న సంస్థకు ఇది కష్టమైన పని కాదు. ఫొటో రాదు అన్నదొక్కటే కష్టం.

భిలాయి వంటి చోట ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైపులైన్ ప్రమాదంలో పదిమందికి పైగా చనిపోయారు, మరికొందరు తీవ్రంగా కాలిపోయారు. 2014 జూన్‌లో గ్యాస్ లీకై ఆరుగురు మరణించారు. ప్రమాదం పంచాంగం చూసుకుని రాదు. అత్యవసరం కాని రోజుల్లోనూ రక్తం మీద ఆధారపడి బతికే పిల్లలు ఉంటారు. తలసీమియా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ తల్లికి అక్టోబర్ 2 ఒక్కటే తేదీ కాదు.

శిబిరం ప్రమాదమైనప్పుడు

వైద్య శిబిరం అనే పద్ధతి గురించి ఛత్తీస్‌గఢ్‌కు తెలిసినంత చేదుగా మరే రాష్ట్రానికీ తెలియకపోవచ్చు. 2011లో అప్పటి దుర్గ్ జిల్లాలోనే ఉన్న బాలోద్‌లో ప్రభుత్వ శిబిరంలో శుక్లాల ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు పదుల సంఖ్యలో చూపు పోగొట్టుకున్నారు. 2014 నవంబర్ 8న బిలాస్‌పూర్ దగ్గర ఒక కుటుంబ నియంత్రణ శిబిరంలో 83 మంది మహిళలకు కొద్ది గంటల్లోనే ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాతి రోజుల్లో పదిమందికి పైగా తల్లులు చనిపోయారు. 2016 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో కుటుంబ నియంత్రణ శిబిరాలను మూడేళ్లలో పూర్తిగా ఆపాలని ఆదేశించింది.

అవి ప్రభుత్వ శిబిరాలు, క్లబ్బులవి కావు. కానీ జబ్బు మూలం ఒకటే. ఒక్క రోజులో ఎంతమంది అన్న సంఖ్యే విజయానికి కొలత కావడం. ఎంతమందికి ఆపరేషన్ చేశారన్నది రాస్తారు, ఆర్నెల్ల తర్వాత ఎంతమందికి సరిగా కనబడుతోందన్నది ఎవరూ రాయరు.

దీనికి మంచి ప్రత్యామ్నాయం మన దగ్గరే పుట్టింది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థ పల్లెల్లో చిన్న దృష్టి కేంద్రాలు, వాటిపైన ద్వితీయ స్థాయి ఆస్పత్రులు, ఆపైన పెద్ద ఆస్పత్రులు అనే గొలుసును కట్టింది. పరీక్ష ఊళ్లో, ఆపరేషన్ సరైన థియేటర్ ఉన్న ఆస్పత్రిలో, తర్వాతి పరీక్ష మళ్లీ ఊళ్లో. ఇందులో క్లబ్బులకు చేతినిండా పని ఉంది. బస్తీలో ఎవరికి చూపు మందగించిందో కనుక్కోవడం, ఆస్పత్రికి తీసుకెళ్లడం, తోడుగా ఉండటం, నెల తర్వాత ఇంటికి వెళ్లి చూడటం. కత్తి పట్టేది ఆస్పత్రి, చేయి పట్టేది క్లబ్బు. ఈ పని విభజన తప్పితేనే ప్రమాదం.

ఆయుష్మాన్ భారత్ వంటి బీమా పథకాలు వచ్చాక ఈ ‘చేయి పట్టే’ పని విలువ ఇంకా పెరిగింది. ఆపరేషన్ ఖర్చు ఇప్పుడు చాలామందికి కార్డు భరిస్తుంది. కార్డు భరించనివి వేరే ఉన్నాయి. ఆ రోజు పోయే కూలి, తోడు వచ్చినవాళ్ల భోజనం, కౌంటర్ దగ్గర నిలబడి ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పే మనిషి. శ్రీకాకుళం రేషన్ కార్డుతో భిలాయిలో పనిచేసే కూలీకి ఆ మనిషి లేకపోతే హక్కు ఉన్నా లేనట్టే.

ఒక జబ్బు, పదేళ్ల పని

క్లబ్బుల చరిత్రలో అతిపెద్ద విజయం పోలియో. రోటరీ 1985లో ఆ పని ఎత్తుకుంది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న భారత్ సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. దాదాపు మూడు దశాబ్దాలు. ఎందుకు గెలిచారు? ఒకటే లక్ష్యం పెట్టుకున్నారు. ప్రభుత్వ వ్యవస్థకు పోటీగా కాక దానిలో భాగంగా పనిచేశారు. అధ్యక్షుడు ఏటా మారినా పని మారలేదు.

ఈ చివరి మాట చాలా ముఖ్యం. సేవా క్లబ్బుల్లో అధ్యక్ష పదవి ఒక్క ఏడాదే. జులై 1న కొత్త జట్టు వస్తుంది. కొత్త అధ్యక్షుడు తన పేరు నిలిచే కొత్త కార్యక్రమం కోరుకుంటాడు. నిరుడు నాటిన మొక్కకు నీళ్లు పోయడం కన్నా ఈ ఏడు కొత్త మొక్క నాటడం మీదే మక్కువ. పదవి ఏడాదిదే అయినా పని పదేళ్లది కావచ్చునని పోలియో నిరూపించింది.

భిలాయిలో అలాంటి పదేళ్ల పని ఏది? సికిల్ సెల్ నా దృష్టిలో మొదట నిలుస్తుంది. ఛత్తీస్‌గఢ్ ఈ వంశపారంపర్య రక్తవ్యాధి బరువు ఎక్కువగా మోస్తున్న రాష్ట్రాల్లో ఒకటి. మన ఉత్తరాంధ్ర మన్యంలోనూ ఇది ఉంది. తల్లిదండ్రులిద్దరూ ఈ జన్యు లక్షణాన్ని మోస్తున్నవాళ్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మోసేవాళ్లకు సాధారణంగా ఏ బాధా ఉండదు కాబట్టి పరీక్ష చేయించుకుంటే తప్ప తెలియదు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్రం జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన లక్ష్యం.

పరీక్ష ప్రభుత్వం చేస్తుంది. ఆ తర్వాతి పని ఎవరిది? జబ్బున్న బిడ్డకు హైడ్రాక్సీయూరియా మాత్ర ఆపకుండా అందుతోందా, నొప్పి వచ్చిన రోజు బడి మానేస్తే టీచరు అర్థం చేసుకుంటోందా, అమ్మాయికి పరీక్షలో లక్షణం ఉందని తేలితే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని తల్లిదండ్రులు కాగితం దాచేస్తున్నారా? ఇవి ఆస్పత్రి గోడల బయట ఉండే సమస్యలు. డాక్టరు, టీచరు, లాయరు, వ్యాపారి సభ్యులుగా ఉన్న క్లబ్బుకు సరిగ్గా సరిపోయే పని ఇది. ఇందులో భాషా సంఘాల సాయం తప్పనిసరి. జన్యు లక్షణం గురించి ఒక తల్లికి తెలుగులోనో ఛత్తీస్‌గఢీలోనో చెబితే వేరు, ఆస్పత్రి హిందీలో రెండు నిమిషాల్లో చెబితే వేరు.

డబ్బు ఎటు నుంచి?

కంపెనీ చేయి వెనక్కి పోతోందన్నాం. పూర్తిగా కాదు, అది వేరే దారిలో వస్తోంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, కంపెనీ సొంత ఉద్యోగుల కోసం చేసే ఖర్చు ఈ లెక్కలోకి రాదు. రెండు, లాభం లేని ఏడాది ఈ బాధ్యత సన్నబడుతుంది. పాత టౌన్‌షిప్ సంక్షేమం ఉద్యోగి హక్కు. కొత్త నిధి లాభంతో పాటు పెరిగి తరిగే దానం.

ఈ డబ్బును స్థానిక సంస్థల ద్వారా ఖర్చు చేయవచ్చు. కానీ 2021 ఏప్రిల్ 1 నుంచి అలాంటి సంస్థ కేంద్రం దగ్గర సీఎస్‌ఆర్–1 ఫారంతో నమోదై ఉండాలి. ఆదాయపు పన్ను చట్టం కింద 12ఎ, 80జి గుర్తింపు, మామూలుగా మూడేళ్ల అనుభవం ఉండాలి. జవాబుదారీతనానికి ఇది అవసరమే. ఫలితం మాత్రం ఒకటుంది. ఆడిటరును పెట్టుకోగల పెద్ద సంస్థలకు నిధులు, బస్తీలో నిజంగా పనిచేసే చిన్న సంఘానికి ఎదురుచూపులు. పన్ను గుర్తింపులు, ఖాతాలు సరిగా ఉన్న క్లబ్బులు ఇక్కడ వంతెన కావచ్చు. సభ్యుడైన చార్టర్డ్ అకౌంటెంట్ నెలకో ఆదివారం ఒక బస్తీ మహిళా సంఘానికి కాగితాలు సర్దిపెడితే, అది వంద దుప్పట్లకన్నా ఎక్కువ కాలం నిలిచే దానం.

ఇంకో విషయం. ఒక్క రోజు జరిపే మారథాన్లు, అవార్డు సభల వంటివి సామాజిక బాధ్యత ఖర్చు కింద చెల్లవని కంపెనీ వ్యవహారాల శాఖ 2014 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. ఒక్క రోజు వేడుక సేవ కాదని సర్కారీ లెక్కల పుస్తకమే ఒప్పుకుంది. క్లబ్బులూ అదే కొలత తమకు పెట్టుకోవచ్చు.

ఎదురు వాదన

ఇదంతా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల మీద మోయలేని బరువు వేయడం కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. వాళ్లు జీతగాళ్లు కాదు. ఆదివారం నిద్ర మానుకుని వచ్చినవాళ్లు. ఏ పనీ చేయనివాడు వాళ్లను తప్పుపట్టడం తగదు. పైగా కార్మికుడికి వైద్యం ఇవ్వవలసింది కాంట్రాక్టరు, కంపెనీ, ప్రభుత్వం. నెలకు 21 వేల రూపాయల లోపు జీతం ఉన్న కార్మికులకు ఈఎస్‌ఐ హక్కుగా రావాలి. ఆ బాధ్యతను క్లబ్బు నెత్తిన పెడితే అసలు బాధ్యులు తప్పించుకుంటారు.

నిజమే. అందుకే క్లబ్బులు ఎక్కువ చేయాలని అనడం లేదు, వేరుగా చేయాలని అంటున్నాం. హక్కు ఉన్నచోట దానం ఇవ్వడం కన్నా ఆ హక్కు అందేలా తోడుండటం మేలు. ఈఎస్‌ఐ కార్డు లేని కార్మికుడికి మందులు కొనిపెట్టడం మంచి పనే. కార్డు ఎందుకు లేదని కాంట్రాక్టరును అడగడం ఇంకా మంచి పని. చిక్కు ఏమిటంటే, ఆ కాంట్రాక్టరు ఒక్కోచోట క్లబ్బు సభ్యుడే కావచ్చు. షామియానా ఖర్చు ఆయనే పెట్టుకోవచ్చు. సేవా క్లబ్బుల నిజాయితీకి పరీక్ష అక్కడే ఉంది. పక్క కుర్చీలో కూర్చున్న మిత్రుడిని ఈ ప్రశ్న అడగగలరా?

విశాఖ అద్దంలో

ఇది ఎక్కడో ఛత్తీస్‌గఢ్ సంగతి అనుకోవడానికి లేదు. 2021 జనవరి 27న విశాఖ ఉక్కులో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పటి నుంచి ఉక్కునగరం నీడ ఎంతకాలం అన్న బెంగ మనకూ పట్టుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినా, అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల తొలగింపులపై సమ్మెలు జరిగాయి. సింగరేణి ఊళ్లలో గనులు మూతపడుతున్న కొద్దీ ఇదే కథ. కంపెనీ కట్టిన ఊళ్లన్నింటికీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. పెద్ద చెట్టు నీడ తగ్గాక ఊరు తన నీడను తాను పెంచుకోగలదా?

2021 ఏప్రిల్, మే నెలల్లో ఊపిరాడని దేశానికి భిలాయి, విశాఖ కర్మాగారాలు రెండూ ఆక్సిజన్ పంపాయి. ఉక్కు పట్టణాలు దేశానికి ఇచ్చినదానికి లెక్క ఉంది. ఆ పట్టణాల్లో మిగిలిపోతున్న వాళ్లకు, అంటే కాంట్రాక్టు కూలీలకు, పిల్లలు ఎగిరిపోయాక క్వార్టర్లలో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు, జబ్బు పిల్లల తల్లులకు ఎవరు ఏమిస్తారన్నదే తేలని లెక్క.

ఈసారి మీ ఊళ్లో క్లబ్బువాళ్లు చందా కోసం వస్తే తప్పకుండా ఇవ్వండి. ఇస్తూ మూడు ప్రశ్నలు అడగండి. నిరుడు చేసిన పని ఇప్పుడు ఏ స్థితిలో ఉంది? ఈ పని కావాలని ఎవరు అడిగారు? వచ్చే ఏడు అధ్యక్షుడు మారితే ఇది కొనసాగుతుందా? జవాబు చెప్పగలిగిన క్లబ్బుకు చందాతో పాటు వారానికి ఒక గంట సమయం కూడా ఇవ్వండి. షామియానా విప్పేసిన మర్నాడు రిజిస్టరు తెరిచి ఫోన్లు చేయడానికి అక్కడ ఎప్పుడూ ఒక మనిషి తక్కువే ఉంటాడు.